ఊయల నుంచి ఖబ్రస్తాన్ దాకా పురపాలకమే: ఆ కుర్చీ మనకెందుకు దూరం?

చంపాపేట్‌లో ఒక ముస్లిం కుటుంబం. తండ్రి ఐ.ఎస్. సదన్, కర్మన్‌ఘాట్ మధ్య ఆటో నడుపుతారు. తల్లి ఇంట్లోనే కుట్టు మిషను మీద బట్టలు కుడుతుంది. పెద్దకూతురు ప్రభుత్వ పాలనాశాస్త్రంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది. ఒకనాడు ఇంటికి వచ్చిన బంధువులు చదువయ్యాక ఏం చేస్తావని ఆ అమ్మాయిని అడిగారు. "మున్సిపల్ కమిషనర్ కావాలని ఉంది" అన్నది ఆమె. ఒకరు నవ్వారు. "మోరీలు తీయించే పనికి ఎం.ఏ. దేనికమ్మా?" అన్నారు మరొకరు. బీఎడ్ చేసి టీచరమ్మ కావడం ఆడపిల్లకు మేలని ఇంకొకరు హితవు చెప్పారు. తండ్రి నవ్వలేదు, కాదనలేదు. ఒకే ఒక ప్రశ్న అడిగారు: "ఎన్నేళ్ళు పడుతుంది బేటీ?"

ఆ ప్రశ్నకు ఆ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. నిజానికి దానికి జవాబు చెప్పవలసింది ఆ అమ్మాయి కాదు. మొదట చెప్పవలసింది ప్రభుత్వం. ఆ తరువాత చెప్పవలసినది మనం, అంటే ఈ సమాజం. ఇద్దరూ ఇంతకాలం మౌనం వహించినందువల్లనే పురపాలక పాలన అనే రంగం మన పిల్లల ఊహకు కూడా అందకుండా పోయిందన్నది మా అభియోగం.

మోరీ మాట ఎగతాళి కాదు

ముందుగా ఆ నవ్విన పెద్దమనిషి మాటకు సమాధానం చెప్పుకోవాలి. రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి. ఆ జాబితాను ప్రతి ముస్లిం కుటుంబం ఒక్కసారైనా చదవాలి. జనన, మరణాల నమోదు అందులో ఉంది. తాగునీరు, పారిశుద్ధ్యం, వీధిదీపాలు ఉన్నాయి. భవన నిర్మాణాల నియంత్రణ ఉంది. మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన ఉన్నాయి. బలహీనవర్గాల ప్రయోజనాల పరిరక్షణ ఉంది. పశువధశాలల నియంత్రణ ఉంది. ఖననాలు, శ్మశానవాటికలు ఉన్నాయి. బిడ్డ పుట్టినప్పుడు వ్రాసే తొలి కాగితం మొదలుకొని మనిషిని మట్టికి అప్పగించే చోటు వరకు మన జీవితాన్ని తాకని అంశం ఆ జాబితాలో ఎంత వెతికినా దొరకదు.

వీటిలో జనన ధ్రువపత్రం ఒక్కదాన్నే తీసుకుందాం. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలవుతోంది. ఆ తేదీ నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరికకు, ఓటరు జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, వివాహ నమోదుకు, ప్రభుత్వ ఉద్యోగ నియామకానికి పుట్టిన తేదీ, స్థలం నిరూపించే పత్రం అదే. ఉర్దూ పేరును తెలుగులోనో ఆంగ్లంలోనో ఎక్కించేటప్పుడు జరిగే ఒక్క అక్షర దోషం ఎంత దూరం వెంటాడుతుందో మన తల్లిదండ్రులకు కొత్తగా చెప్పనక్కరలేదు. తండ్రి పేరు ఒకచోట 'మొహమ్మద్', మరొకచోట 'ఎండీ' అని ఉన్నందుకు నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగిన కుటుంబాలు మాకు తెలుసు. ఆ బల్లకు అవతల మన పేర్లు, మన ఇంటి భాష తెలిసిన అధికారి ఒకరుంటే ఆ దోషం దరఖాస్తు దశలోనే సరిదిద్దబడేది. దీనికి మతాభిమానం అక్కరలేదు. పని తెలిసి ఉంటే చాలు.

ఇక మోరీ విషయం. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు మనకు దూరం కాని హఫీజ్‌బాబా నగర్ పరిసరాల్లో ఇళ్ళలోకి నీరు చేరింది. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు బురదపాలయ్యాయి. వరద బాధిత కుటుంబాలకు ప్రభుత్వం 10,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న వాదన ఆ తరువాత నెలల తరబడి సాగింది. నాలా వెడల్పు ఎంత ఉండాలో, చెరువు కట్టను ఎప్పుడు తనిఖీ చేయాలో, బాధితుల జాబితా ఎలా తయారు చేయాలో తేల్చేది పురపాలక, నీటిపారుదల యంత్రాంగాలు. మోరీని చులకన చేసిన సమాజం వరద వచ్చిన రోజున ఎవరిని నిలదీయగలదు?

సిఫారసు వేరు, పాలన వేరు

మన బస్తీలలో ఒక అలవాటు స్థిరపడింది. పని పడితే కార్పొరేటరు ఇంటికి వెళతాం. ఆయన ఒక ఫోను చేస్తాడు, ఒక చీటీ వ్రాస్తాడు. పని అయితే కృతజ్ఞత, కాకపోతే నిట్టూర్పు. ఎన్నికలు వచ్చినప్పుడు డివిజను ఎవరిది, మేయరు ఎవరన్నదే మన చర్చంతా. 2016లో లండన్ మేయరుగా సాదిక్ ఖాన్ గెలిచినప్పుడు సంబరపడ్డాం. 2025 నవంబరులో న్యూయార్క్ మేయరుగా జోహ్రాన్ మమ్దానీ గెలిచిన వార్తను రాత్రంతా ఫోన్లలో పంచుకున్నాం. సంతోషమే. అయితే న్యూయార్క్ మేయరు పేరు తెలిసిన మనలో ఎంతమందికి మన సర్కిల్ డిప్యూటీ కమిషనర్ పేరు తెలుసు?

ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నామంటే, మన దగ్గర మేయరు పదవికి గౌరవం ఎక్కువ, అధికారం తక్కువ. 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ చట్టం ప్రకారం కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. ఆయన కింద జోనల్ కమిషనర్లు, సర్కిళ్ళలో డిప్యూటీ కమిషనర్లు, ప్రణాళికాధికారులు, ఇంజినీర్లు, ఆరోగ్యాధికారులు ఆ అధికారాన్ని అమలు చేస్తారు. 2023 జూన్‌లో గ్రేటర్‌లో ప్రారంభించిన వార్డు కార్యాలయాల్లో సైతం వివిధ శాఖల సిబ్బందిని ఒక్క గొడుగు కిందకు తెచ్చింది ఒక వార్డు అధికారి ఆధ్వర్యంలోనే. కార్పొరేటరు అయిదేళ్ళకు ఒకసారి మారతాడు. అధికారి ముప్పై ఏళ్ళు వ్యవస్థలో ఉంటాడు. సరిహద్దులూ మారతాయి: 2007లో ఎల్బీనగర్ సహా 12 పురపాలక సంఘాలు, 8 గ్రామపంచాయతీలు కలిసి గ్రేటర్ అయింది, 2025 డిసెంబరులో మరో 27 పట్టణ స్థానిక సంస్థలు అందులో చేరాయి. బోర్డు మీద పేరు ఎన్నిసార్లు మారినా ఫైలు నడిపే ఉద్యోగ వ్యవస్థ మాత్రం నిలిచి ఉంటుంది. మనం చీటీల కోసం తిరిగినంత కాలం ఆ వ్యవస్థలోకి మన పిల్లలను పంపాలన్న ఆలోచన చేయలేదు. ఇది మన తప్పు. ఒప్పుకోవాలి.

ఈ రంగం మనకు పరాయిది కూడా కాదు. హైదరాబాద్‌లో పురపాలన 1869లో మొదటి సాలార్‌జంగ్ కాలంలో రూపుదిద్దుకుంది. 1908 మూసీ వరద తరువాత 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. వరదను అదుపు చేసి నగరానికి నీరిచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ వరుసలో వచ్చినవే. నిజాంసాగర్‌ను నిర్మించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఇంకా వెనక్కు వెళితే హజ్రత్ ఉమర్ (రజి) మదీనా అంగడి పర్యవేక్షణ బాధ్యతను షిఫా బిన్తె అబ్దుల్లా (రజి) అనే చదువుకున్న మహిళకు అప్పగించినట్లు చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. దారిలో అడ్డుగా ఉన్న హానికరమైన వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో ఒక శాఖ అని నేర్చుకున్న వాళ్ళం మనం. అటువంటి సమాజంలో ఒక ఆడపిల్ల నగర పారిశుద్ధ్యాన్ని, అంగళ్ళను, నీటిని నిర్వహిస్తానంటే నవ్వడం ఏ సంప్రదాయం?

అడ్డు ప్రతిభ కాదు, నిరీక్షణ

ఇప్పుడు తండ్రి ప్రశ్నకు వద్దాం. ఎన్నేళ్ళు పడుతుంది?

దారి స్పష్టంగానే ఉంది. ఏ డిగ్రీ ఉన్నవారైనా గ్రూప్-1 వ్రాసి గ్రేడ్-2 మున్సిపల్ కమిషనర్ కావచ్చు. గ్రూప్-2 ద్వారా గ్రేడ్-3 మున్సిపల్ కమిషనర్ కావచ్చు. గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో, ఆంగ్లంలో, ఉర్దూలో వ్రాసే వీలుంది. ఉస్మానియాలో పాలనాశాస్త్ర విభాగం ఉంది, పట్టణ, పర్యావరణ అధ్యయనాల ప్రాంతీయ కేంద్రం ఉంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలోనే ఈ శాస్త్రం చదువుకోవచ్చు. మన దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో హాస్టళ్ళకు, కోచింగ్ బోర్డులకు కొదవ లేదు. చదువుకునే చోట్లు కాలినడక దూరంలోనో, ఒక బస్సు దూరంలోనో ఉన్నాయి.

దూరమంతా కాలంలో ఉంది. తెలంగాణ రాష్ట్రం 2014లో ఏర్పడింది. రాష్ట్రంలో తొలి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులతో వెలువడింది. అంటే ఎనిమిదేళ్ళు. ఆ ఏడాది అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రం లీకైనందున 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ జరిగింది. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనను రద్దు చేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్ జరిగాయి. ఫలితాలపై మళ్ళీ వ్యాజ్యాలు. చివరకు నియామక పత్రాలు అందింది 2025 సెప్టెంబరులో, అదీ న్యాయస్థానం తుది తీర్పుకు లోబడి. గ్రూప్-2 కథ కూడా ఇంతే. 783 పోస్టులకు 2022 డిసెంబరులో ప్రకటన వస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ఆ 783లో గ్రేడ్-3 మున్సిపల్ కమిషనర్ పోస్టులు 11 మాత్రమే.

ఈ తేదీలను ఆ ఆటో తండ్రి లెక్కలో పెట్టి చూడండి. ప్రకటన కోసం ఎనిమిదేళ్ళు, ప్రకటన వచ్చాక మూడేళ్ళ అయిదు నెలలు. ఇంత కాలం కూతురు సంపాదించకుండా చదువుకోవాలి. కోచింగ్ రుసుము కట్టాలి. ఇంటి అద్దె ఆగదు, ఆటో వాయిదా ఆగదు. తమ్ముడి చదువు ఆగదు. పెళ్ళి మాటలు అసలే ఆగవు. ఒక్కసారి పరీక్ష రద్దయితే భూములున్న ఇంటి బిడ్డ మరో ఏడాది చదువుకుంటాడు. రెక్కాడితేగాని డొక్కాడని ఇంటి బిడ్డ ప్రైవేటు బడిలోనో, కాల్ సెంటరులోనో చేరిపోతుంది, లేదా అన్న గల్ఫ్ వీసాకు దరఖాస్తు చేస్తాడు. రద్దు అందరికీ ఒకటే అంటారు. దాని భారం మాత్రం అందరి మీదా ఒకేలా పడదు.

అప్పుడు లెక్కలు ఎలా ఉంటాయి? 2006లో సచార్ కమిటీ చెప్పింది: దేశ జనాభాలో 13.4 శాతమైన ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. పదేళ్ళ తరువాత, 2016లో మన రాష్ట్రంలోనే సుధీర్ కమిషన్ చెప్పింది: జనాభాలో 12.68 శాతమైన ముస్లింల వాటా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 7.36 శాతం. 2025 ఫిబ్రవరిలో వెల్లడైన రాష్ట్ర కులగణన ముస్లిం జనాభా 12.56 శాతమని తేల్చింది. జనాభాను ఇంత శ్రద్ధగా లెక్కించిన ప్రభుత్వం ఉద్యోగాలలోని వాటాను శాఖలవారీగా ఏటా ఎందుకు ప్రకటించదు? పురపాలక శాఖలో కమిషనర్ల స్థాయిలో ఎందరు, ప్రణాళికా విభాగంలో ఎందరు, కాంట్రాక్టు పారిశుద్ధ్యంలో ఎందరు? ఈ మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపమని మేము అడుగుతున్నాం.

రెండు అభ్యంతరాలు

"మీకు రిజర్వేషన్ ఉంది కదా" అనేవారున్నారు. ఉంది. 2007 చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి వ్యవహారాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. నాటి నుంచి ఆ మధ్యంతర రక్షణ కిందనే అది నడుస్తోంది. దాన్ని 12 శాతానికి పెంచుతూ 2017 ఏప్రిల్‌లో శాసనసభ ఆమోదించిన బిల్లు చట్టం కాలేదు. ఉన్న 4 శాతం కూడా నోటిఫికేషన్ వస్తేనే పనికి వస్తుంది. ప్రకటనే రాని ఎనిమిదేళ్ళలో 4 శాతం అంటే సున్నాలో 4 శాతమే.

"మీవాళ్ళు అధికారులైతే మీవాళ్ళ పనులే చేస్తారు" అనేవారూ ఉన్నారు. దీనికి మా సమాధానం సూటిగా ఉంటుంది. మన మనిషి అక్కడ కూర్చుని మనకు దొంగదారి తెరవాలని మేము కోరడం లేదు. అనుమతి లేని మిద్దెకు కళ్ళు మూసుకొనే అధికారి ముస్లిం అయినా మాకు వద్దు. ఆ మిద్దె కూలితే కింద పడేది మన పిల్లలే. చంపాపేట్‌లో మసీదు వీధికీ, గుడి వీధికీ చెత్తబండి ఒకే సమయానికి రావాలి. కర్మన్‌ఘాట్ వైపు నీరు నిలిచినా, సంతోష్‌నగర్ వైపు నీరు నిలిచినా అదే పంపు, అదే వేగం కావాలి. పాలనలో అన్ని బస్తీల పిల్లలూ ఉంటే, ఏ బస్తీ సంగతి తెలియలేదన్న సాకు చెల్లదు. వీధి వ్యాపారుల చట్టం 2014 ఈ సూత్రాన్నే ఒప్పుకున్నది. కమిషనర్ అధ్యక్షతన ఉండే పట్టణ వీధి వ్యాపార కమిటీలో 40 శాతం సభ్యులు వ్యాపారులే కావాలని, వారిలో మైనారిటీలకూ తగిన ప్రాతినిధ్యం ఉండాలని ఆ చట్టం చెబుతోంది. బండి తోసేవాడికి కమిటీలో చోటు న్యాయమైనప్పుడు, అతని కూతురికి ఆ కమిటీ అధ్యక్ష స్థానం అందుబాటులో ఉండాలనడం అన్యాయమా?

జవాబు చెప్పవలసిన వారు

ప్రభుత్వాన్ని మేము కోరేవి నాలుగే. 2024 ఆగస్టులో శాసనసభలో ప్రకటించిన ఉద్యోగ క్యాలెండరు పద్ధతికి చట్టబద్ధత కల్పించి, ఏటా నిర్ణీత నెలలో గ్రూప్స్ ప్రకటన ఇవ్వాలి. ప్రభుత్వ తప్పిదం వల్ల పరీక్ష రద్దయితే, పేద అభ్యర్థులకు మళ్ళీ పరీక్ష జరిగేదాకా నెలవారీ భృతి ఇవ్వాలి. మైనారిటీ స్టడీ సర్కిల్ శిక్షణను నగరంలోని ప్రతి జోన్‌కూ విస్తరించి, అమ్మాయిలకు ఇంటి దగ్గరలో చదువుకునే గదులు కల్పించాలి. పాలనాశాస్త్రం, పట్టణ ప్రణాళిక చదివే పీజీ విద్యార్థులకు వార్డు, సర్కిల్ కార్యాలయాల్లో వేతనంతో కూడిన ఆరు నెలల శిక్షణ ఇవ్వాలి. ఇవి ముస్లింలకే పరిమితమైన కోరికలు కావు. ఆటో నడిపే ప్రతి తండ్రికీ, ఏ మతం వాడైనా, ఇవే కావాలి.

ఇక మన సంగతి. చంపాపేట్ రోడ్డు మీద సాయంత్రం నడిచి చూడండి. ఫంక్షన్ హాళ్ళ దీపాల కాంతిలో మన వలీమాలు ఎంత ఘనంగా జరుగుతున్నాయో కనబడుతుంది. ఒక్క రాత్రి భోజనాలకు, అలంకరణకు, వీడియోలకు అయ్యే ఖర్చుతో ఒక విద్యార్థిని రెండేళ్ళ చదువు గట్టెక్కుతుంది. అప్పు చేసి అన్ని రకాల బిర్యానీ పెట్టే తండ్రికి ఎవరూ "ఎన్నేళ్ళు పడుతుంది తీర్చడానికి?" అని అడగరు. చదువు దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న పుడుతుంది. ఆ తండ్రిది తప్పు కాదు. పెళ్ళి ఖర్చుకు చేయి కలిపే బంధువులు చదువు ఖర్చుకు కలపరన్న సంగతి ఆయనకు తెలుసు.

అందుచేత ప్రతి మసీదు కమిటీకి మా విన్నపం ఇది. మీ మొహల్లాలో డిగ్రీ, పీజీ చదువుతున్న వారి జాబితా తయారు చేయండి. వారిలో గ్రూప్స్ వ్రాయదలచిన ఇద్దరిని ఎన్నుకోండి, ఒకరు అమ్మాయి కావాలి. మూడేళ్ళు వారి పుస్తకాల, రుసుముల, ఇంటి వెలితి భారాన్ని పది కుటుంబాలు పంచుకోండి. జకాత్, సదఖా నిధులను ఇందుకు ఎంతవరకు వినియోగించవచ్చో మీ ఉలమాను అడిగి తెలుసుకోండి. పదవీ విరమణ చేసిన మన ఉద్యోగులు వారానికి రెండు పూటలు వారికి పాఠం చెప్పండి. మసీదు పై అంతస్తు ఖాళీగా ఉంటే దీపం, ఫ్యాను పెట్టి చదువుకోనివ్వండి. అందరూ కమిషనర్లు కారు. కొందరు ప్రణాళికా పర్యవేక్షకులు, కొందరు అకౌంటెంట్లు, కొందరు వార్డు కార్యాలయ సిబ్బంది అవుతారు. వారెవరూ చిన్నవారు కారు. ధ్రువపత్రంలో పేరు సరిగ్గా వ్రాసే గుమాస్తా వల్ల ఒక బిడ్డ జీవితమంతా సులువవుతుంది.

ఆ చంపాపేట్ తండ్రికి మేము అబద్ధపు ఓదార్పు చెప్పలేము. నియామకాలు ఇప్పటిలాగే సాగితే ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అయితే అన్నా, ఆ ఏళ్ళను మీరొక్కరే మోయవలసిన పని లేదు. వాటిని తగ్గించమని ప్రభుత్వంతో పోరాడే బాధ్యత ఈ సమాజంలోని కార్యకర్తలది. తగ్గేదాకా మీతో కలిసి మోసే బాధ్యత మీ మొహల్లాది. మీ అమ్మాయిని చదవనివ్వండి. వచ్చే జుమా నమాజు తరువాత మీ మసీదు పెద్దలతో ఈ మాట ఎత్తండి. వారు మౌనం వహిస్తే, ఈ పత్రికను చేతిలో పట్టుకుని మళ్ళీ అడగండి.